పాత కుషన్ కుర్చీ, కాళ్ళ స్టూలు ఇంట్లోనే బాగుచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి కొలతలన్నీ ఒక మామూలు పాత కుర్చీకి లెక్కగట్టినవి. టేకు ఫ్రేము, 22 అంగుళాల చదరపు సీటు, సీటు లోపల స్ప్రింగులు, వీపుకీ రెండు చేతులకీ మెత్త. దానికి జోడీగా 16 × 20 అంగుళాల కాళ్ళ స్టూలు. మీ కుర్చీ కాస్త పెద్దదైనా చిన్నదైనా పద్ధతి ఇదే, లెక్క మాత్రం మారుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. కుర్చీలో సుఖం పైగుడ్డతో రాదు. సీటు కింద పట్టీ ఎంత బిగువుగా ఉంది, స్ప్రింగులు ఎలా కట్టారు అన్నదాన్ని బట్టి వస్తుంది. కుంగిన సీటు మీద ఎంత ఖరీదైన గుడ్డ వేసినా కొన్ని నెలలకే వదులై ముడతలు పడుతుంది. అందుకే కింది జవాబుల్లో ఎక్కువ భాగం గుడ్డ కింద దాగి పైకి కనపడని పనుల గురించే.

మొదలుపెట్టే ముందు

ఈ కుర్చీ మీద కష్టపడొచ్చా, వదిలేయడం మేలా?

ఫ్రేమును బట్టి తేల్చుకోండి. రెండు చేతులూ పట్టుకుని కుర్చీని పక్కలకు ఊపండి. కీళ్ళు కదిలితే భయం లేదు, అతికించవచ్చు. తర్వాత తలకిందులు చేసి, కింద కట్టిన నల్లగుడ్డను ఒక మూల విప్పి, చెక్కను స్క్రూడ్రైవర్ మొనతో అక్కడక్కడా నొక్కండి. మొన సులువుగా దిగబడితే చెక్క పుచ్చిపోయింది. ఒక అడ్డకర్ర పుచ్చితే వడ్రంగి చేత మార్పించుకోవచ్చు, రెండు మూడు పుచ్చితే వదిలేయండి.

టేకు, వేగి, ఇరుగుడు ఫ్రేములు ఎంత పాతవైనా పనికొస్తాయి. పొట్టు నొక్కి చేసిన పార్టికల్ బోర్డు ఫ్రేముకు మాత్రం ఈ శ్రమ వద్దు. ఒకసారి పిన్ను పీకిన చోట అది రెండో పిన్నును పట్టుకోదు.

ముందు కుర్చీ పట్టుకోవాలా, స్టూలా?

స్టూలు. పట్టీ లాగడం, ఫోమ్ కోయడం, గుడ్డ సాగదీయడం, మూల మడవడం అన్నీ అందులో ఉన్నాయి, కష్టమైన కత్తిరింపులు మాత్రం లేవు. ఒక్క రోజు పని. పాడుచేసినా పోయేది ముప్పావు మీటరు గుడ్డ. అయితే గుడ్డ మాత్రం రెండింటికీ ఒకేసారి, ఒకే తాను నుంచి కొనండి. నెల తర్వాత అదే నంబరు గుడ్డ తెచ్చినా రంగులో కొద్ది తేడా వస్తుంది, పక్కపక్కన పెడితే అది కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

ఏ పనిముట్లు కావాలి?

పిన్నులు పీకడానికి సన్నని చదును స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్. చిన్న సుత్తి. స్టేపుల్ గన్. గుడ్డకు మంచి కత్తెర, ఫోముకు పొడవాటి సన్నని చాకు. స్ప్రింగులు కుట్టడానికి దబ్బనం, బయటి వీపు కుట్టడానికి వంపు సూది. దర్జీ సుద్ద, టేపు, ముక్కుకు మాస్కు, కళ్ళద్దాలు. పట్టీ లాగడానికి 4 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల పొడవున్న చెక్క ముక్క ఒకటి. పైపింగ్ (లోపల తాడు పెట్టి అంచుల వెంట కుట్టే గుడ్డ పట్టీ) కుట్టాలంటే కుట్టుమిషన్ కూడా కావాలి, దానికి 16 నుంచి 18 నంబరు సూది వేయండి. మామూలు జాకెట్లు కుట్టే సూది మందపు గుడ్డలో విరిగిపోతుంది.

చేతితో నొక్కే గన్ సరిపోతుందా?

మామిడి, వేప లాంటి చెక్కకు సరిపోతుంది. పాత టేకులో పిన్ను సగం దిగి ఆగిపోతుంది. అలా ఆగిన ప్రతి పిన్నునూ సుత్తితో కొట్టి దించాలి, లేదంటే గుడ్డ జారుతుంది. టేకుకు పొడుగు పిన్ను బలం అనుకుని 12 మిల్లీమీటర్లవి కొంటారు. చేతి గన్‌తో అవి వంగిపోతాయి. గుడ్డకు 6 లేదా 8 మిల్లీమీటర్ల పిన్ను చాలు. పట్టీకి మాత్రం గన్ వద్దు, అర అంగుళం మేకులు సుత్తితో కొట్టండి. కరెంటు గన్ గానీ కంప్రెసర్ గన్ గానీ రెండు రోజులకు అద్దెకు దొరికితే చెయ్యి నొప్పి తప్పుతుంది, పనీ చక్కగా వస్తుంది.

విప్పడం, ఫ్రేము చూసుకోవడం

ఏ ముక్క ముందు విప్పాలి?

ముందు కిందున్న నల్లగుడ్డ, తర్వాత బయటి వీపు, బయటి చేతులు, లోపలి వీపు, లోపలి చేతులు, ఆఖరున సీటు. మళ్ళీ వేసేటప్పుడు సరిగ్గా దీనికి తిరగేసిన వరుస. ప్రతి ముక్క విప్పే ముందు ఫోన్‌తో ఫోటో తీయండి. గుడ్డ ఎక్కడ మడిచారు, ఏ కర్ర చుట్టూ తిప్పారు అన్నది ఫోటోలో కనపడాలి. విప్పిన ముక్క మీద పేరు రాసి, పైవైపు బాణం గుర్తు వేసి దాచండి. పాత ముక్కలే కొత్తవాటికి నమూనాలు, చింపేస్తే కొలతలు పోతాయి.

చాలా కుర్చీల్లో పాత గుడ్డ కింద మరో పాత గుడ్డ, దాని కింద ఇంకొకటి ఉంటాయి. అన్నీ తీసేయాలి. పాత పిన్నులు కూడా మొత్తం పీకాలి. రానివాటిని లోపలికి కొట్టేయండి, మొన బయటికి ఉంటే కొత్త గుడ్డను కొరుకుతుంది. చెప్పినంత సులువు కాదు ఇది. మొత్తం పనిలో విసుగు పుట్టించే భాగం ఇదే, ఒక పూట దీనికే పోతుంది.

లోపల పసుపు పొడి రాలుతోంది. చెదా?

ఎక్కువగా అది పాత ఫోమ్. గాలి తగిలి ఏళ్ళ మీద పిండి అవుతుంది. పీచు పరుపుకు పట్టించిన రబ్బరు కూడా అలాగే ఎండి రాలుతుంది. మాస్కు పెట్టుకుని, ఆరుబయట దులిపి పారేయండి.

చెక్క నుంచి మైదాలాంటి మెత్తటి పొడి రాలుతూ, గుండుసూది బెజ్జాలు కనపడితే అది పురుగు. చెక్క పురుగు మందును బెజ్జాల్లోకి సిరంజితో ఎక్కించి, పైన బ్రష్‌తో రెండు పూతలు పూసి, డబ్బా మీద రాసినంత కాలం ఆరనివ్వండి. చెద అయితే మట్టి గూళ్ళు ఉంటాయి. కుర్చీకి పట్టిందంటే అది గోడలోంచో నేలలోంచో వచ్చినట్టే, ఆ చోటికి కూడా మందు వేయించాలి.

నల్లులు ఉంటే?

మెత్త, గోనె, పట్టీ ఏదీ దాచుకోకండి. అన్నీ సంచిలో మూతికట్టి పారేయండి. ఎండలో పెడితే చస్తాయన్న నమ్మకంతో ఆగిపోవద్దు, కీళ్ళ లోపలికి, మేకుల బెజ్జాల్లోకి అంత వేడి వెళ్ళదు. నల్లుల మందును కీళ్ళలో కొట్టి, రెండు వారాల తర్వాత మళ్ళీ కొట్టండి. మొదటిసారి మందుకు గుడ్లు బతికిపోవచ్చు, అవి వారం పది రోజులకు పొదుగుతాయి. రెండో విడత అయ్యాకే కొత్త సామాను ఇంటికి తీసుకురండి.

కీళ్ళు వదులయ్యాయి, మేకు కొడితే బిగుస్తాయా?

కొన్నాళ్ళు బిగుస్తాయి, తర్వాత చెక్క చీలుతుంది. కీలు పూర్తిగా ఊడదీసి, పాత జిగురు గీకేసి, తెల్ల ఫెవికాల్ పట్టించి, తాడుతో గట్టిగా చుట్టి, తాడులో కర్ర దూర్చి మెలిపెట్టి బిగించండి. 24 గంటలు కదపకండి. నాలుగు కాళ్ళూ నేలకు ఆనుతున్నాయో లేదో జిగురు తడిగా ఉండగానే చూసుకోవాలి, ఆరాక వంకర పోదు.

చెక్క పాలిష్ కూడా ఈ దశలోనే. ఉప్పుకాగితం 120, ఆ తర్వాత 220 నంబరు రుద్ది, లక్క పాలిష్ గానీ మీకు నచ్చిన మరేదైనా గానీ వేసి ఆరనివ్వండి. గుడ్డ బిగించాక పాలిష్ వేస్తే మరక ఖాయం.

పట్టీ, స్ప్రింగులు

సీటు ఎందుకు కుంగుతుంది? స్ప్రింగులు మార్చాలా?

స్ప్రింగు చెడిపోవడం అరుదు. పట్టీ సాగడం, స్ప్రింగుల తలలను కట్టిన దారం తెగడం, ఈ రెండే అసలు కారణాలు. దారం తెగిన స్ప్రింగు పక్కకు వాలుతుంది, దాని బరువు పక్కదాని మీద పడుతుంది, అదీ తెగుతుంది. స్ప్రింగును నేల మీద నిలబెట్టి అరచేత్తో నొక్కి వదలండి. నిటారుగా లేచి మొదటి ఎత్తుకు వస్తే మంచిదే. పైపై తుప్పును ఉప్పుకాగితంతో తీసి, తుప్పు పట్టని ప్రైమర్ పూత వేసి వాడుకోండి. వంగినదీ, పొట్టిదైనదీ మాత్రమే మార్చండి, అదే ఎత్తు, అదే మందం ఉన్నది చూసి.

మంచానికి అల్లే నవారు వాడొచ్చా?

మందంగా నేసిన నూలు నవారు పనికొస్తుంది. పల్చటిది ఏడాదిలో సాగుతుంది. ప్లాస్టిక్, నైలాన్ నవారు వద్దు, మేకు దగ్గర జారుతుంది. దొరికితే 2 అంగుళాల జనపనార పట్టీ అన్నిటికంటే మేలు.

లెక్క ఇది. సీటుకు అటు ఐదు, ఇటు ఐదు, ఒక్కోటి 26 అంగుళాల చొప్పున సుమారు 7 మీటర్లు. వీపుకు మూడున్నర, స్టూలుకు నాలుగు. తరుగుతో కలిపి 15 మీటర్లు కొనండి.

పట్టీ ఎంత బిగువుగా లాగాలి?

చేత్తో లాగితే చాలదు. పట్టీ కొసను అంగుళం మడిచి వెనక కర్రకు ఐదు మేకులు కొట్టండి. మేకులు ఒకే గీతలో పడకూడదు, మూడు ముందు, రెండు వెనక పడితే చెక్క చీలదు. రెండో కొసను ముందు కర్ర మీదుగా తెచ్చి, మీ చెక్క ముక్కకు ఒక చుట్టు తిప్పి, ముక్క అడుగు అంచును ఫ్రేముకు ఆనించి కిందికి వంచండి. పట్టీ బిగుస్తుంది. అలా పట్టుకునే మూడు మేకులు కొట్టి, కొస కత్తిరించి, మడిచి, మరో రెండు కొట్టాలి. వేలితో తట్టితే డప్పులా మోగాలి. ముందు వెనకల పట్టీలు అయ్యాక, అడ్డపట్టీలను ఒకదాని పైనుంచి, ఒకదాని కిందనుంచి అల్లుకుంటూ వెళ్ళండి. అల్లకుండా పైపైన వేస్తే బరువు అన్నిటికీ సమానంగా పంచదు.

స్ప్రింగు సీటుకు పట్టీ ఫ్రేము అడుగున వస్తుంది. ఫోమ్ మాత్రమే వేసే సీటుకు, స్టూలుకు ఫ్రేము పైన వస్తుంది. ఇది గుర్తుంచుకోండి, కింద మళ్ళీ అవసరం పడుతుంది.

స్ప్రింగులు ఎలా కట్టాలి?

ఈ పనంతటిలో కుర్చీ ఆయువు దీని మీదే ఆధారపడి ఉంది, కాబట్టి తొందరపడకండి.

22 అంగుళాల సీటుకు తొమ్మిది స్ప్రింగులు, మూడేసి చొప్పున మూడు వరుసలు. పట్టీలు కలిసే చోట, ఫ్రేముకు కనీసం అంగుళం ఎడంగా నిలబెట్టి, అడుగు చుట్టును దబ్బనంతో, పురికొసతో నాలుగు చోట్ల పట్టీకి కుట్టేయండి.

ఇప్పుడు తలలు. సాగని జనపనార పురికొస కావాలి, నైలాన్ తాడు ముడి జారుతుంది. ఈ సీటుకు సుమారు 17 మీటర్లు పడుతుంది, 20 తీసుకోండి. ప్రతి వరుసకూ ఫ్రేము పొడవుకు రెండింతలకు కాస్త ఎక్కువ, అంటే 50 అంగుళాల ముక్క కోయండి. వెనక కర్రకు మేకుతో కట్టి, మధ్య వరుసతో మొదలుపెట్టి, ప్రతి స్ప్రింగు తల చుట్టు తీగను రెండు చోట్ల, దగ్గరి వైపు ఒకసారి, అవతలి వైపు ఒకసారి పట్టుకునేలా ముడివేస్తూ ముందు కర్రకు తేవాలి. ప్రతి చోటా ముడి పడాల్సిందే. ఊరికే చుట్టి పోనిస్తే, ఒకచోట దారం తెగిన రోజున వరుస మొత్తం ఊడుతుంది.

కట్టేటప్పుడు 8 అంగుళాల స్ప్రింగును 6 అంగుళాలకు అణచాలి. అంతకంటే తక్కువ అణిస్తే సీటు బుడగలా లేచి గుడ్డను చీలుస్తుంది. ఎక్కువ అణిస్తే కూర్చున్నప్పుడు బల్ల మీద కూర్చున్నట్టే. అంచు స్ప్రింగులు కొద్దిగా బయటికి వాలినా పరవాలేదు, మధ్యవి మాత్రం నిటారుగా ఉండాలి.

ముందు నుంచి వెనక్కి, తర్వాత పక్క నుంచి పక్కకు, ఆపైన రెండు ఐమూలలా. ఒక్కో స్ప్రింగును ఎనిమిది దిక్కుల నుంచి దారం పట్టుకుంటుంది. ఐమూల దారాలు వదిలేసి పని తగ్గించుకునేవాళ్ళు ఉన్నారు. అలాంటి సీటు మొదటి ఏడాది బాగానే ఉంటుంది, ఆపైన ఒక పక్కకు ఒరుగుతుంది.

అన్నీ కట్టాక పైన గోనెగుడ్డ పరచి, అంచులు మడిచి, పిన్నులు కొట్టి, స్ప్రింగుల తలలను ఆ గోనెకు కూడా నాలుగేసి కుట్లతో కుట్టండి. కుట్టకపోతే తీగ కదిలి గోనెను కోసేస్తుంది.

ఇదంతా ఎందుకు, స్ప్రింగులు తీసేసి ఫోమ్ పెడితే?

పెట్టొచ్చు. కాకపోతే అడుగు పట్టీ మీదే ఫోమ్ పేరుస్తారు చాలామంది. అప్పుడు 8, 9 అంగుళాల ఫోమ్ పడుతుంది, ఖర్చు ఎక్కువ, మధ్యలో గుంట పడటం త్వరగా. పట్టీని ఫ్రేము పైకి మార్చాలి. సోఫాలకు వాడే 2 అంగుళాల ఎలాస్టిక్ బెల్టు తీసుకుని, 20 అంగుళాల ముక్కను 22కు సాగదీసి కొట్టండి. దాని మీద 4 అంగుళాల 40 డెన్సిటీ ఫోమ్ చాలు (డెన్సిటీ అంటే ఏమిటో కింద చెప్పాం). కూర్చోవడానికి బాగుంటుంది. కానీ పాత స్ప్రింగు సీటు ఆడే తీరు ఇందులో రాదు. స్ప్రింగులు మంచివైతే వాటిని తీసేయవద్దనే మా సలహా.

మెత్త

డెన్సిటీ అంటే ఏమిటి? దుకాణంలో చెప్పింది నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో అదే డెన్సిటీ. గట్టిదనం వేరు. వేలితో నొక్కి చూస్తే గట్టిదనం తెలుస్తుంది గానీ మన్నిక తెలియదు. తక్కువ డెన్సిటీ ఫోమ్ కూడా కొత్తలో గట్టిగానే ఉండొచ్చు.

తూకం వేయడమే పరీక్ష. 72 × 36 అంగుళాల షీటు 2 అంగుళాల మందంలో 40 డెన్సిటీ అయితే సుమారు 3.4 కిలోలు, 32 అయితే 2.7, 23 అయితే 2 కిలోల లోపు ఉండాలి. 40 అని చెప్పిన షీటు రెండున్నర కిలోలు తూగితే అది 40 కాదు.

సీటుకు 40, వీపుకు 28 నుంచి 32, చేతులకు అంగుళం మందం 32. స్టూలుకు కాళ్ళ బరువే గానీ పిల్లలు ఎక్కి కూర్చుంటారు కాబట్టి అడుగున అంగుళం రీబాండెడ్ ఫోమ్ (ఫోమ్ తునకలను అతికించి నొక్కి చేసిన గట్టి ఫోమ్), పైన 2 అంగుళాల 40 డెన్సిటీ.

కొబ్బరి పీచు, బూరుగు దూది వాడొచ్చా?

పీచు తప్పక వాడొచ్చు, స్ప్రింగుల మీద మొదటి పొరగా దాన్ని మించింది లేదు. గాలి ఆడుతుంది, తీగ గుచ్చుకోనివ్వదు. కోనసీమలో పీచు పని బాగా ఉంది. రబ్బరు పట్టించిన పీచు షీటు ఒక అంగుళం మందంలో తెచ్చుకుంటే పరవడం తేలిక. పాత కుర్చీలోంచి వచ్చిన విడి పీచు మంచిదైతే ఎండబెట్టి, చేత్తో విడదీసి, దుమ్ము దులిపి మళ్ళీ వాడుకోండి.

బూరుగు దూది దిండుకు బాగుంటుంది, సీటుకు ఉండలు కడుతుంది. వద్దు.

పొరల వరుస ఏమిటి?

సీటుకు గోనె, పీచు షీటు, 2 అంగుళాల ఫోమ్, దాని మీద అర అంగుళం పాలిఫిల్ షీటు (దూదిలా మెత్తగా ఉండే పాలియెస్టర్ పొర), పైన గుడ్డ. ఫోమ్‌ను ఫ్రేము కంటే చుట్టూ పావు అంగుళం ఎక్కువ కోయండి, అప్పుడే అంచులు నిండుగా వస్తాయి. పాలిఫిల్ ఖర్చు దండగ అనుకోవద్దు. గుడ్డ నేరుగా ఫోముకు రాసుకుంటే ఫోమ్ పిండి అవుతుంది, గుడ్డ లోపలి నుంచి అరుగుతుంది. కుర్చీకీ స్టూలుకీ కలిపి 3 మీటర్లు పడుతుంది.

ముందంచులో కర్ర తొడలకు తగలకుండా, గోనెలో పీచు చుట్టి బొటనవేలంత చుట్ట చేసి, ముందు కర్ర అంచు పొడవునా కొట్టండి. పాత కుర్చీల్లో ఇది తప్పక ఉంటుంది. విప్పేటప్పుడు పారేసి, తర్వాత ముందంచు ఎందుకు పల్చబడిందా అని వెతుక్కుంటారు.

ఫోమ్‌ను దేనితో అతికించాలి?

ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 లాంటి రబ్బరు జిగురు. తెల్ల ఫెవికాల్ ఫోములో ఇంకి గట్టిపడుతుంది, కూర్చుంటే గరగరలాడుతుంది. రెండు వైపులా పల్చగా పూసి, 10 నుంచి 15 నిమిషాలు ఆగి, వేలికి అంటనప్పుడు అదమండి. తడిగా ఉండగానే అతికిస్తే పట్టదు. కిటికీలు తెరిచి ఉంచాలి. దగ్గరలో పొయ్యి, దీపం, సిగరెట్ ఏవీ ఉండకూడదు, ఈ జిగురు ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోకండి.

గుడ్డ

ఎలాంటి గుడ్డ మన్నుతుంది?

సోఫా గుడ్డ అని అమ్మే 54 అంగుళాల పన్నా గుడ్డ తీసుకోండి. కార్డు మీద మార్టిండేల్ అంకె (గుడ్డ ఎంత రాపిడికి తట్టుకుంటుందో చెప్పేది) ఉంటే, రోజూ కూర్చునే కుర్చీకి 20,000కు తగ్గకూడదు. అంకె లేకపోతే రెండు బొటనవేళ్ళతో గుడ్డను అడ్డంగా గట్టిగా లాగి చూడండి. పోగులు జరిగి సందు కనపడితే అది కర్టెన్లకు, కుర్చీకి కాదు.

చేనేత గుడ్డ వేయాలని ఉంది. మంగళగిరి, పెడన కలంకారీ పనికొస్తాయా?

సీటుకు పనికిరావు. రెండూ ఒంటికి కట్టుకునే బరువున్న నూలు. ఫ్రేముకు లాగి పిన్ను కొడితే పిన్ను దగ్గరే చిరుగుతాయి. కలంకారీని విడి కుషన్ గలీబుగా వేయండి, ఉతుక్కోవచ్చు, నేరుగా ఎండ పడే చోట మాత్రం పెట్టకండి. పోచంపల్లి ఇకత్‌లో దుప్పటి బరువు నేత దొరికితే, వెనక మందపాటి నూలు లైనింగ్ వేసి వీపుకూ చేతులకూ వాడొచ్చు.

స్టూలుకు మాత్రం వరంగల్ డర్రీ చాలా బాగుంటుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ నేత బరువైనది, కాళ్ళ రాపిడికి తట్టుకుంటుంది. కాకపోతే మూలల్లో మడిస్తే గుత్తిగా లేస్తుంది. మూలను కత్తిరించి పెట్టె మూలలా కుట్టి తొడగాలి.

నూలు గుడ్డ ఏదైనా ముందు తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కోయండి. రంగు ఊడేదైతే అప్పుడే బయటపడుతుంది.

రెగ్జిన్ ఎందుకు పెచ్చులూడుతుంది?

రెండు రకాలున్నాయి. పీయూ పూత ఉన్నది తోలులా మెత్తగా ఉంటుంది, కానీ గాలిలో తేమకు పూత విడిపోయి పొలుసులుగా రాలుతుంది. తీర ప్రాంతంలో ఇది ఇంకా త్వరగా. పీవీసీ పూత ఉన్నది అలా రాలదు, ఏళ్ళు గడిచేకొద్దీ బిరుసెక్కి చిట్లుతుంది. చెమట, తల నూనె రెండింటికీ చేటే. మన ఎండాకాలంలో ఒంటికి అతుక్కునే గుణం కూడా చూసుకుంటే, పిల్లలున్న ఇంట్లో స్టూలుకు తప్ప రెగ్జిన్ వేయమని చెప్పలేం.

మొత్తం ఎన్ని మీటర్లు?

ప్రతి ముక్కనూ దాని అతి వెడల్పు చోట, అతి పొడవు చోట కొలిచి, నాలుగు వైపులా 2 అంగుళాలు కలపండి. మన కుర్చీకి 54 అంగుళాల పన్నాలో ఇలా సర్దవచ్చు. లోపలి వీపు 28 × 36, దాని పక్కన బయటి వీపు 26 × 26: పొడవు 36 అంగుళాలు. సీటు 34 × 36, పక్కన మిగిలే 20 అంగుళాల పట్టీ పైపింగ్‌కు: మరో 36. లోపలి చేతులు రెండూ పక్కపక్కన: 28. బయటి చేతులు రెండూ: 16. స్టూలుకు: 28. అన్నీ కలిపి 144 అంగుళాలు, అంటే 3.7 మీటర్లు. సాదా గుడ్డ నాలుగున్నర మీటర్లు కొంటే నిశ్చింత. పువ్వులు, చారలు ఉంటే ఐదున్నర. పెద్ద పువ్వు సీటు మధ్యకూ వీపు మధ్యకూ రావాలి, దాని కోసం పక్కన గుడ్డ వృథా అవుతుంది.

వెల్వెట్ లాంటి నూగు గుడ్డకు దిశ ఉంటుంది. అరచేత్తో నిమిరితే నున్నగా వెళ్ళే వైపు వీపులో కిందికి, సీటులో ముందుకు రావాలి. ఒక్క ముక్క తిరగబడినా రంగు వేరుగా కనపడుతుంది.

బిగించడం

గుడ్డ వంకర రాకుండా ఎలా?

ఫ్రేముకు నాలుగు వైపులా మధ్య గుర్తు పెట్టండి. గుడ్డ ముక్కకు కూడా నాలుగు అంచుల మధ్యలో చిన్న గాటు పెట్టండి. గుర్తుకు గుర్తు కలిపి వెనక మధ్య ఒక పిన్ను, ముందు మధ్య ఒకటి, పక్కల మధ్య ఒక్కోటి, సగమే దించి ఆపండి. నేత గీత సూటిగా ఉందా చూడండి. ఉంటే మధ్య నుంచి మూలల వైపు రెండేసి అంగుళాలు ముందుకు పోతూ, ఎదురెదురు వైపులు మార్చి మార్చి కొట్టండి. ఒక వైపు మొత్తం కొట్టేసి రెండో వైపుకు వెళ్తే ఐమూలగా ముడత పడుతుంది, ఎంత లాగినా పోదు. మూలకు 3 అంగుళాల ముందు ఆగండి.

స్టూలు మూలలు ఎలా మడవాలి?

మూల మొనను ముందు సూటిగా కిందికి లాగి ఒక పిన్ను కొట్టండి. రెండు వైపులా మిగిలిన వదులును లోపలికి మడిచి, మడత గీత సరిగ్గా మూల అంచు మీద పడేలా సర్ది, లోపలున్న అదనపు గుడ్డ కత్తిరించి, అడుగున పిన్ను కొట్టండి. నాలుగు మూలల మడతలూ పొడవు వైపుకే తిరగాలి.

సీటు గుడ్డ చేతి కర్ర దగ్గర ఆగిపోతోంది. ఎక్కడ కోయాలి?

అందరూ భయపడే కోత ఇదే. గుడ్డను కర్ర మీదికి వెనక్కి మడిచి, మడత నుంచి కర్ర మధ్యకు సుద్దతో గీత గీయండి. గీత వెంట కోస్తూ కర్రకు అంగుళం దూరంలో ఆగి, అక్కడి నుంచి కర్ర రెండు అంచుల వైపుకు చిన్న చిన్న కోతలు, ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో. కర్రకు అర అంగుళం ఉండగా ఆపేయండి. గుడ్డ దించి చూడండి, ఇంకా పట్టేస్తుంటే పావు అంగుళం కోయండి. ఎక్కువ కోసిన గుడ్డను మళ్ళీ కలపలేం, కనపడే చోట బెజ్జం పడితే ఆ ముక్క కొత్తది వేయాల్సిందే.

పైపింగ్ సాఫీగా రాదేం?

పట్టీని నిలువుగా కోస్తే వంపుల్లో ముడుచుకుంటుంది. ఐమూలగా, 45 డిగ్రీల్లో, ఒకటిముప్పావు అంగుళం వెడల్పుతో కోయండి. లోపల 5 మిల్లీమీటర్ల తాడు. ఈ కుర్చీకి 5 మీటర్ల పైపింగ్ ఉంటే చాలు. అతుకులు కూడా ఐమూలగానే, మూలల మీద పడకుండా.

బయటి వీపులో పిన్నులు కనపడకుండా ఎలా బిగించాలి?

పై అంచుకు అట్ట పట్టీ వాడతారు. గుడ్డను బోర్లా పెట్టి, అర అంగుళం వెడల్పు గట్టి అట్టను అంచు వెంట పెట్టి, దాని మీద పిన్నులు కొట్టి, గుడ్డను కిందికి తిప్పాలి. పక్క అంచులను లోపలికి మడిచి వంపు సూదితో కనపడని కుట్టు వేయండి: సూది మడతలో అర అంగుళం, ఎదుటి గుడ్డలో అర అంగుళం, మార్చి మార్చి. అడుగు అంచు ఫ్రేము కిందికి పోతుంది. కుట్టు రాదనుకుంటే ఇత్తడి గుండు మేకులు కొట్టండి. 11 మిల్లీమీటర్ల తలవి ఆనించి కొడితే అడుగుకు 27 దాకా పడతాయి.

తర్వాత

పని అయ్యాక గుడ్డ వదులైంది. ఎందుకు?

రెండు మూడు వారాలకు ఫోమ్ కొంత అణుగుతుంది, అది సహజం. అడుగు నల్లగుడ్డ వెంటనే వేయకుండా ఆగితే, ఆ వదులును అడుగు నుంచి లాగి మళ్ళీ పిన్ను కొట్టుకోవచ్చు. అంతకు మించి వదులైతే లోపం పట్టీలో ఉంది.

కూర్చుంటే కిర్రుమంటోంది.

చెక్క చప్పుడైతే కీలు. లోహపు చప్పుడైతే రెండు స్ప్రింగులు రాసుకుంటున్నాయి, అడుగు నుంచి చెయ్యి పెట్టి మధ్యలో మందపాటి గుడ్డ ముక్క కుట్టండి.

తల నూనె మరక పడకుండా?

వీపు పై భాగానికి, చేతుల కొసలకు, స్టూలు పైభాగానికి అదే గుడ్డతో విడి తొడుగులు కుట్టి ఉతుక్కోండి. మిగిలిన ముక్కలు దీనికే దాచాలి. మరక పడితే వెంటనే టాల్కం పౌడర్ చల్లి, రాత్రంతా ఉంచి దులపండి, నీళ్ళతో రుద్దకండి.

పనివాళ్ళకు ఇస్తే ఏం అడగాలి?

పాత గుడ్డ మొత్తం విప్పుతారా, పట్టీ మారుస్తారా, ఏ డెన్సిటీ వేస్తారు, స్ప్రింగుల ఐమూల దారాలు కడతారా. పైగుడ్డ వేసే ముందు లోపలి ఫోటోలు పంపమనండి. లోతైన గుండీల వీపు, అసలు తోలు ఉన్న కుర్చీలను మాత్రం మొదటి ప్రయత్నంగా ఇంట్లో పెట్టుకోకుండా మంచి పనివాళ్ళకే ఇవ్వండి.

మేం బ్రిటన్‌లో ఉంటాం. ఏమైనా తేడా ఉందా?

అక్కడ సోఫా, కుర్చీ సామాన్ల నిప్పు భద్రతకు 1988 నాటి నిబంధనలున్నాయి. ఫోమ్, గుడ్డ కొనేటప్పుడు వాటికి సరిపోతాయన్న లేబుల్ చూసి తీసుకోండి. ఇండియా నుంచి పెట్టెలో తెచ్చుకున్న గుడ్డ ఆ పరీక్షకు నిలవకపోవచ్చు, కాబట్టి దాన్ని విడి కుషన్ గలీబులకు వాడొచ్చో లేదో అక్కడి దుకాణంలో అడిగి చూడండి. అమెరికాలో గుడ్డ గజాల్లో అమ్ముతారు, పైన చెప్పిన నాలుగున్నర మీటర్లకు 5 గజాలు అడగండి.